పూచీ ఉన్నంత మేరకే దారి

సాయుధ ఘర్షణలు సాగుతున్న దేశాల గుండా స్త్రీ ఒంటరిగా ప్రయాణించడం క్షేమమేనా అన్న ప్రశ్నకు మామూలుగా వినిపించే జవాబులు రెండే: అది పిచ్చి సాహసమని కొట్టిపారేసేది ఒకటి, గుండె నిబ్బరం ఉంటే ఎక్కడికైనా వెళ్ళి రావచ్చని భుజం తట్టేది మరొకటి. రెండూ ధైర్యాన్ని గురించి మాట్లాడతాయే గాని క్షేమం దేనిమీద ఆధారపడుతుందో చెప్పవు. గత నూరేళ్ళకు పైగా కాలంలో ఇటువంటి ప్రాంతాలకు వెళ్ళి తిరిగివచ్చిన స్త్రీల అనుభవాలనూ, తిరిగిరాని వారి వృత్తాంతాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ‘ఒంటరి’ ప్రయాణికురాలికి దారి పొడవునా ఎవరో ఒకరు పూచీ పడుతూనే ఉంటారనీ, ఆ పూచీ చెల్లినంత మేర ఆమెకు దారి దొరుకుతుందనీ, అది తెగిన చోట ఎంతటి అనుభవమూ పూర్తిగా అక్కరకు రాదనీ తేలుతుంది.

సంఘర్షణ ప్రాంతమంటే పటంలో ఎర్రరంగు పులిమిన దేశమంతటా ఒకేసారి తుపాకులు మోగుతున్నాయని అర్థం చేసుకోకూడదు. ఒక పట్టణంలో బడులూ బజార్లూ యథావిధిగా నడుస్తుండగా, పక్క జిల్లాకు పోయే రహదారిపై మందుపాతరలు ఉండవచ్చు. పగలు ప్రభుత్వ సైనికుల అధీనంలో ఉన్న వంతెన చీకటిపడ్డాక మరొకరి చేతిలోకి పోవచ్చు. కాల్పులు ఆగి ఏళ్ళు గడిచినా ఆయుధాలూ కక్షలూ మిగిలే ఉంటాయి కనుక, శాంతి నెలకొన్నదన్న ప్రకటన ఒక్కదాన్నే నమ్ముకొని బయలుదేరడం తెలివైన పని అనిపించుకోదు. ఫలానా దారిలో, ఫలానా రోజున ఎవరి మాట చెల్లుతుందన్నదే ప్రయాణికురాలు ముందుగా తెలుసుకోవలసిన విషయం.

ఈ సంగతి ఎడారి తెగలకు చాలా కాలంగా తెలుసు. 1913 డిసెంబరులో బ్రిటిష్ యాత్రికురాలు గెర్‌ట్రూడ్ బెల్ డమాస్కస్ నుంచి ఒంటెల బిడారుతో మధ్య అరేబియాలోని హాయిల్ పట్టణానికి బయలుదేరే నాటికి ఆ దారి పొడవునా తెగల మధ్య దాడులు సాగుతున్నాయి. అక్కడి ఆచారం ప్రకారం బిడారు ఏ తెగ మేతభూముల్లో అడుగుపెడితే ఆ తెగవాణ్ణి ఒకణ్ణి ‘రఫీక్’గా, అంటే తోడుగా, సొమ్మిచ్చి వెంట పెట్టుకోవాలి. అతడు కత్తి దూయనక్కరలేదు, వెంట ఉంటే చాలు. అతని రక్షణలో ఉన్నవారిని అతని తెగవారే ముట్టుకుంటే తెగ పరువు పోతుంది. తెగ హద్దు దాటగానే అతని పలుకుబడి అక్కడితో సరి, కొత్త రఫీక్ కావలసిందే. ఈ పద్ధతిని నమ్ముకొని ఎడారిని క్షేమంగా దాటిన బెల్‌ను, 1914 ఫిబ్రవరి చివర హాయిల్ చేరాక, అమీరు ఊళ్ళో లేని సమయంలో అక్కడి పాలక కుటుంబం సుమారు పది రోజులు కదలనివ్వలేదు. ఎడారిలో చెల్లిన పూచీ రాజకుటుంబపు అనుమానాల ముందు చెల్లలేదు.

అఫ్గానిస్తాన్‌లోని పష్తూన్లకు ‘పష్తూన్‌వలీ’ అనే అలిఖిత నియమావళి ఉంది. అతిథికి ఆశ్రయమివ్వడాన్ని అందులో ‘మెల్మస్తియా’ అంటారు. తన హద్దు దాటేంతవరకు బాటసారిని క్షేమంగా సాగనంపే కాపుదలను ‘బద్రగ’ అంటారు. రఫీక్ ఆచారానికి ఇది దగ్గరి చుట్టం. ఐర్లండ్‌కు చెందిన డెర్వ్లా మర్ఫీ 1963 జనవరిలో సైకిలు మీద బయలుదేరి, యూరప్, టర్కీ, ఇరాన్‌ల మీదుగా అఫ్గానిస్తాన్ చేరి, అదే ఏడాది ఢిల్లీకి వచ్చింది. అప్పటికి అఫ్గానిస్తాన్‌లో యుద్ధం లేదు. జహీర్ షా రాజ్యమేలుతున్నాడు, సోవియట్ సేనలు దిగడానికి ఇంకా పదహారేళ్ళుంది. మర్ఫీ వెంట చిన్న పిస్తోలు ఉండేది. దాన్ని ఆమె వాడవలసి వచ్చిన సందర్భాల్లో ఒకటి బాల్కన్ ప్రాంతంలో తోడేళ్ళ బారినుంచి బయటపడటానికి, మరొకటి టర్కీలో రాత్రివేళ గదిలో చొరబడినవాణ్ణి బెదరగొట్టడానికి. అఫ్గానిస్తాన్‌లో ఆమెకు తగిలిన పెద్ద దెబ్బ బస్సులో జరిగిన తగవులో తుపాకీ మడమ పొరపాటున తగిలి పక్కటెముకలు విరగడం. ఆ దేశ ప్రజల ఆతిథ్యాన్ని మాత్రం ఆమె జీవితాంతం మెచ్చుకుంది. 1979 తర్వాత దశాబ్దాల యుద్ధం దెబ్బతీసినది ఈ పరస్పర పూచీల అల్లికనే. ఊరిపెద్ద మాటకన్నా తుపాకీ ఉన్న యువకుడి మాట ఎక్కువగా చెల్లే స్థితి వచ్చాక, ఆశ్రయమిచ్చే మనసు మారకపోయినా కాపాడే శక్తి తగ్గిపోయింది.

నేటి అఫ్గానిస్తాన్‌లో ఈ పరిస్థితి వింత రూపం తీసుకుంది. 2021 ఆగస్టులో తాలిబాన్ తిరిగి అధికారానికి వచ్చాక అదే ఏడాది డిసెంబరులో వెలువడిన ఆదేశం ప్రకారం, 72 కిలోమీటర్లకు మించి వెళ్ళే స్త్రీ వెంట ‘మహ్రమ్’ లేకపోతే వాహనదారులు ఆమెను ఎక్కించుకోకూడదు. మహ్రమ్ అంటే భర్త గాని, తండ్రి, సోదరుడు, కొడుకు వంటి వివాహ నిషిద్ధ బంధువు గాని. 2023 ఆగస్టులో బామియాన్ ప్రాంతంలోని బంద్-ఎ-అమీర్ జాతీయ ఉద్యానానికి స్త్రీలు రావడాన్ని కూడా ఆపేశారు. ఇదే కాలంలో విదేశీ పర్యాటకుల సంఖ్య 2021లో 691 ఉండగా 2022లో 2,300కు, 2023లో 7,000కు పెరిగిందని అక్కడి పర్యాటక అధికారులే ప్రకటించారు. వారిలో స్త్రీలూ ఉన్నారు; మగతోడు లేకుండా ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్ళివస్తున్నవారూ ఉన్నారు. అఫ్గాన్ స్త్రీ ఆసుపత్రికి ఒంటరిగా పోలేని రహదారిపై విదేశీ స్త్రీ సెలవులు గడపగలగడాన్ని ఆ దేశం సురక్షితమైపోయిందనడానికి రుజువుగా చూపడం సరికాదు. ఆమెకు దారి ఇచ్చినది పాలకుల అవసరం: విదేశీ ద్రవ్యం, మంచిపేరు. ఈ పూచీ పైనుంచి వచ్చినది, అవసరం తీరిననాడు పైనుంచే రద్దు కాగలది.

విదేశీ స్త్రీకి మరో సదుపాయం ఉందని అఫ్గానిస్తాన్ వంటి ప్రాంతాల్లో పనిచేసిన మహిళా విలేకరులు తరచు చెబుతుంటారు. ఆమెను మగవారి సభలో అతిథిగా కూర్చోబెడతారు, ఆ తర్వాత మగవారికి ప్రవేశంలేని లోపలి గదుల్లోకీ పంపిస్తారు. కనుక పురుష విలేకరికి సగం ఇల్లే కనిపిస్తే ఆమెకు ఇల్లంతా కనిపిస్తుంది. నిజమే గాని, ఆ సదుపాయం ఇంటి గడప లోపలిది. గడప దాటి రోడ్డెక్కాక ఆమె ఎవరి ఇంటి మనిషో ఎవరికీ తెలియదు.

వేషం మార్చుకుంటే సరిపోతుందన్న ఊహ కూడా చాలామందిలో ఉంది. 2001 సెప్టెంబరులో బ్రిటిష్ విలేకరి ఇవాన్ రిడ్లీ బురఖా ధరించి పాకిస్తాన్ నుంచి అఫ్గానిస్తాన్‌లోకి రహస్యంగా వెళ్ళింది. తిరుగు ప్రయాణంలో, జలాలాబాద్ సమీపాన ఆమె ఎక్కిన గాడిద బెదరడంతో బురఖా చాటునున్న కెమెరా బయటపడింది. తాలిబాన్ సైనికులు అక్కడికక్కడే నిర్బంధించారు. అమెరికా బాంబు దాడులు అక్టోబరు 7న మొదలు కాగా, మరునాడు ఆమెను విడిచిపెట్టారు. ఆమెకు దారి చూపిన అఫ్గానులు కూడా పట్టుబడ్డారన్నది ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది మరచిపోయే భాగం. స్థానిక మర్యాదకు తగిన దుస్తులు ధరించడం వేరు, స్థానికురాలిగా నటించడం వేరు. మొదటిది గౌరవం తెస్తే, రెండవది దొరికిపోయిన క్షణాన ప్రయాణికురాలిని గూఢచారిగా మారుస్తుంది.

ప్రమాదం ఎక్కువగా ఎదురయ్యే చోటు తనిఖీ కేంద్రం. అఫ్గానిస్తాన్‌లో పర్యాటకులు ముందుగా కాబూల్‌లోని సమాచార, సాంస్కృతిక శాఖలో పేరు నమోదు చేయించుకొని, ఏయే రాష్ట్రాలకు వెళ్ళదలచారో రాసి ముద్ర వేసిన అనుమతి పత్రం తీసుకుంటారు. ఆయా రాష్ట్రాల్లో స్థానిక కార్యాలయంలోనూ దాన్ని చూపాలి. రోడ్డు మీద రాళ్ళు పేర్చి, తాడు కట్టిన చోట కారు మెల్లగా ఆగుతుంది. అద్దాలు దించుతారు, రాత్రయితే కారు లోపలి దీపం వేస్తారు, ఎందుకంటే చీకట్లో కదిలే చేతిని చూసి కాల్చేది భయపడిన కాపలావాడే. నల్లకళ్ళద్దాలు తీసేసి, చేతులు కనబడేలా ఒళ్ళో పెట్టుకొని, ఫోను సంచిలో ఉంచి, మాటలన్నీ డ్రైవరుకు వదిలి స్త్రీ వెనుక సీటులో కూర్చోవడం ఆనవాయితీ. కాగితం కోసం గబుక్కున సంచిలో చెయ్యి పెట్టడం, విసుక్కోవడం, ఫొటో తీయబోవడం ప్రాణం మీదికి తెచ్చే పనులు. కాపలావాడికి చదువు రాకపోతే కాగితాన్ని తలకిందులుగా పట్టుకొని చూడనూవచ్చు. అప్పుడు పనిచేసేవి కాగితం మీది ముద్ర, డ్రైవరు పలకరింపు, అతని ఊరిపేరు.

అన్ని జాగ్రత్తలూ పాటించినా ఫలించని సందర్భాలున్నాయి. 2014 ఏప్రిల్ 4న, అధ్యక్ష ఎన్నికలకు ముందురోజు, అసోసియేటెడ్ ప్రెస్ ఫొటోగ్రాఫర్ అన్యా నీడ్రింగ్‌హౌస్, అదే సంస్థ విలేకరి కాథీ గానన్ ఖోస్త్ రాష్ట్రంలో ఓటింగ్ సామగ్రిని తీసుకుపోతున్న వాహనశ్రేణి వెంట వెళ్ళారు. వారి చుట్టూ అఫ్గాన్ భద్రతాదళాలున్నాయి. ఇద్దరికీ ఆ దేశంలో ఏళ్ళ తరబడి అనుభవం ఉంది. ఆగివున్న కారులో కూర్చుని ఉండగా, కాపలా కాయవలసిన పోలీసు అధికారే దగ్గరకు వచ్చి తుపాకీతో కాల్చడంతో నీడ్రింగ్‌హౌస్ అక్కడే మరణించింది, గానన్ తీవ్రంగా గాయపడింది. 2024 మే 17న బామియాన్ బజారులో పర్యాటకుల బృందంపై జరిగిన కాల్పుల్లో ముగ్గురు స్పెయిన్ దేశస్థులతో పాటు అఫ్గానులూ చనిపోయారు. దాడి తమదేనని ఇస్లామిక్ స్టేట్ ప్రకటించుకుంది. పాలకుల అనుమతి పత్రం పాలకుల శత్రువులకు గురి అవుతుందని దీనివల్ల స్పష్టమయింది. సన్నాహం ప్రమాదాన్ని తగ్గిస్తుంది, అంతే. పూర్తిగా తొలగిస్తుందని చెప్పేవారు ఏదో అమ్మజూపుతున్నారని అనుకోవచ్చు.

లైంగిక హింస గురించి ప్రయాణ వ్యాసాలు గుసగుసగా మాట్లాడి దాటవేస్తుంటాయి. 2011 మార్చిలో లిబియాలోని అజ్దాబియా వద్ద న్యూయార్క్ టైమ్స్ బృందాన్ని అప్పటి పాలకుడు గడాఫీ సైనికులు పట్టుకున్నప్పుడు, ఫొటోగ్రాఫర్ లిన్సే అడారియో వెంట ముగ్గురు పురుష సహచరులున్నారు. వారున్నా, నిర్బంధంలో సైనికులు పదేపదే తనను అసభ్యంగా తడిమారని ఆమె తరువాత వెల్లడించింది. దాదాపు వారం తర్వాత నలుగురూ విడుదలయ్యారు. వారి కారు నడిపిన లిబియా యువకుడు ఇల్లు చేరలేదు. దీనికి భిన్నంగా, ఇటలీకి చెందిన కళాకారిణి పిప్పా బాక్కా 2008లో పెళ్ళిదుస్తుల్లో, దారిన పోయే వాహనాలను ఆపి ఎక్కుతూ, యుద్ధాలు చూసిన దేశాల మీదుగా జెరూసలేం చేరాలని మిలాన్ నుంచి బయలుదేరింది. కొన్నేళ్ళ క్రితం యుద్ధం చవిచూసిన బాల్కన్ దేశాలను క్షేమంగా దాటి, ఏ యుద్ధమూ లేని టర్కీ పశ్చిమ భాగంలో, ఇస్తాంబుల్‌కు సమీపాన గెబ్జే వద్ద తనను ఎక్కించుకున్నవాడి చేతిలో అత్యాచారానికి, హత్యకు గురయింది. అపరిచితుడితో మూసిన తలుపు వెనుక ఉండటం అన్న ప్రమాదం యుద్ధంతోనే పుట్టలేదు. యుద్ధం చేసేది పోలీసునూ, కోర్టునూ, ఇరుగుపొరుగునూ లేకుండా చెయ్యడం.

కాబట్టి ఇటువంటి చోట్లకు ఉద్యోగరీత్యా వెళ్ళే స్త్రీల మందుల సంచిలో గాయానికి కట్టుతో పాటు మరికొన్ని ఉంటాయి. అత్యాచారం జరిగితే హెచ్‌ఐవీ సోకకుండా వాడే మందులను 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. అత్యవసర గర్భనిరోధక మాత్రలను ఐదు రోజుల్లోపు, వీలైనంత త్వరగా వేసుకోవాలి. ఇవి దొరికే ఆసుపత్రి చేరడానికే నాలుగు రోజులు పట్టే ప్రాంతంలో సంచిలోనే ఉండటం అవసరం. ఈ మాట పైకి అనడానికి కుటుంబాలు సంకోచిస్తాయి. సంకోచం వల్ల లాభపడేది నేరం చేసినవాడే. ఇక నమ్మకమైన వ్యక్తితో ముందుగా కుదుర్చుకునే ఏర్పాట్లున్నాయి: ఏ వేళకు కబురు అందాలి, అందకపోతే ఎన్ని గంటల తర్వాత ఎవరికి ఫోను చెయ్యాలి, అపహరణ జరిగితే ఆమె బతికే ఉన్నదని రుజువు చేసుకోవడానికి అడగవలసిన, ఆమెకు తప్ప మరెవరికీ జవాబు తెలియని ప్రశ్న ఏది అన్నవి. ఇవి కాగితం మీద ఉండాలి, మనసులో కాదు.

చట్టం ఇచ్చే రక్షణ కాగితం మీద బలమైనదే. 1949 నాటి నాలుగవ జెనీవా ఒప్పందపు 27వ అధికరణం స్త్రీలను అత్యాచారం నుంచి, మానభంగకరమైన దాడుల నుంచి ప్రత్యేకంగా కాపాడాలని చెబుతుంది. 2008లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1820వ తీర్మానంలో లైంగిక హింస యుద్ధనేరం కాగలదని ప్రకటించింది. నిర్బంధించిన విదేశీయులకు తమ దేశపు కాన్సులేట్‌తో మాట్లాడే హక్కును 1963 నాటి వియన్నా ఒప్పందపు 36వ అధికరణం ఇస్తుంది. అయితే కాన్సులేటే లేనిచోట ఈ హక్కు ఎవరి తలుపు తడుతుంది? 2021 ఆగస్టులో కాబూల్ నుంచి భారత దౌత్య సిబ్బంది వెనక్కి వచ్చేశాక, 2022 జూన్‌లో చిన్న సాంకేతిక బృందం చేరేవరకు అక్కడ భారతీయురాలికి ఆసరాగా నిలిచే అధికారి లేడు. మామూలు ప్రయాణ బీమా పాలసీలు యుద్ధం వల్ల కలిగే నష్టాన్ని మినహాయిస్తాయి కనుక అటువైపు ధీమా కూడా తక్కువే.

తెలుగువారికి ఈ విషయం యాత్రాసాహసంగా కన్నా బతుకుతెరువుగా పరిచయం. కడప, గోదావరి ప్రాంతాల స్త్రీలు కువైట్‌లో ఇంటిపనికి దశాబ్దాలుగా ఒంటరిగా వెళ్తున్నారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించగానే, సంఘర్షణ ప్రాంతానికి వెళ్ళాలని ఎన్నడూ అనుకోనివారు రాత్రికి రాత్రి అందులో ఉండిపోయారు. భారత ప్రభుత్వం అమ్మాన్ మీదుగా సుమారు 1,70,000 మందిని విమానాల్లో వెనక్కి తెచ్చింది గాని, అమ్మాన్ వరకు ఇరాక్, జోర్డాన్‌ల గుండా ఎడారి దాటి రావలసిన భారం వారిదే. 2014లో ఇరాక్‌లోని తిక్రిత్ ఆసుపత్రిలో చిక్కుకున్న 46 మంది భారతీయ నర్సులూ, 2022 మార్చిలో యుక్రెయిన్‌లోని సుమీ నగరంలో నీళ్ళు లేక మంచు కరిగించుకొని గడిపిన వందలాది భారతీయ వైద్యవిద్యార్థులూ ఇటువంటివారే. నర్సులూ విద్యార్థులూ గుంపుగా ఉన్నారు, చేతిలో ఫోన్లున్నాయి, వారి గొంతు బయటికి వినిపించింది. ఇంటిపని చేసే స్త్రీ ఒక్కో ఇంట్లో ఒక్కతె. పాస్‌పోర్టు తరచు కఫీల్ బీరువాలో ఉంటుంది; కఫీల్ అంటే ఆమె వీసాకు పూచీదారైన యజమాని. అతడు కుటుంబంతో పారిపోతే పూచీ కూడా అతని వెంటే పోతుంది.

మన దేశపు నిబంధనలు ఈ ముప్పును కొంత గుర్తించాయి. 1983 వలస చట్టం కింద అనుమతి తప్పనిసరైన 18 దేశాలకు, పదో తరగతి దాటని మహిళలు పనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలి; ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ వంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే నియామకం జరగాలి. చట్టబద్ధంగా వెళ్ళినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. దళారులు ఈ నిబంధనలను తప్పించడానికి విజిట్ వీసా మీద పంపిస్తారు. అలా వెళ్ళినవారి పేరు ఏ జాబితాలోనూ ఉండదు, యుద్ధం వచ్చిననాడు వెతికేవారికి వారున్నట్టే తెలియదు. అందుచేత కూతురినో, భార్యనో, తల్లినో గల్ఫ్‌కు పంపే ప్రతి కుటుంబమూ ఆమె పాస్‌పోర్టు, వీసా, ఆకామా (నివాస అనుమతి పత్రం) నకళ్ళను, కఫీల్ పూర్తి చిరునామాను, ఆ ఇంటి ఫోను నంబరును, ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం నంబరును రెండు ప్రతులుగా రాసి ఒకటి ఇంట్లో, ఒకటి ఆమె సంచిలో ఉంచాలి. చేరిన వారంలోపు రాయబార కార్యాలయంలో ఆమె పేరు నమోదయిందో లేదో అడిగి తెలుసుకోవాలి.